చెట్టు వేయకూడని తోట నుంచి ఎంపీ గార్లకు

అమలాపురం, నరసాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు లోక్‌సభ సభ్యులకు,

నమస్కారమండి.

మాది కోనసీమ. ఊరి సెంటర్లో నాకో జిరాక్స్ షాపుంది. జిరాక్సుల మీద వచ్చేది అంతంతమాత్రం, అసలు తిండి పెట్టేది అర్జీలే. 22 ఏళ్లుగా రాస్తున్నాను. పింఛను ఆగిపోయినవాళ్లు, పాసుపుస్తకంలో సెంట్లు తగ్గిపోయినవాళ్లు, గట్టు తగాదాలో ఇరుక్కున్నవాళ్లు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. వాళ్లు చెప్పేది సాంతం విని, ఆ కాగితం ఎవరి పేరున రాయాలో తేల్చడమే నా పనిలో సగం. తహసీల్దారు దగ్గర తేలే పనికి కలెక్టరు గారి పేరు పెడితే, ఆ అర్జీ ఊరంతా తిరిగి మళ్లీ తహసీల్దారు బల్ల మీదకే వస్తుంది. ఈలోపు మూడు నెలలు గడిచిపోతాయి.

మీ పేరున కూడా రాస్తుంటాను. ఏం రాస్తానో చెబితే మీకు తెలియనిదేం కాదు. తిరుమల బ్రేక్ దర్శనానికి సిఫారసు లెటరు. హైదరాబాద్ వెళ్లే రైల్లో వెయిటింగ్ లిస్టు దాటడానికి ఎమర్జెన్సీ కోటా లెటరు. కేంద్రీయ విద్యాలయంలో సీటు. ఎంపీల కోటా 2022లోనే ఎత్తేశారని ఎంత చెప్పినా "మీరు రాసిపెట్టండి, పైన మేం చూసుకుంటాం" అంటారు. మిగిలినవి మురుగు కాలువ, వీధి లైటు, శ్మశానానికి ప్రహరీ గోడ. ఇన్నేళ్లలో లోక్‌సభలో మాత్రమే తేలే పని అడుగుతూ మీ పేరున నేను రాసిన అర్జీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు మీ ఒక్కరిదే అనను. అడిగేవాళ్లం మేమూ అలాగే అడుగుతున్నాం, రాసేవాణ్ణి నేనూ అలాగే రాస్తున్నాను.

మొన్న వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో గోదావరి మధ్యనుండే లంక ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో బట్టల షాపు కవరు. అందులో కాగితాల కట్ట, దాని చుట్టూ కొబ్బరి తాడు. ముడి విప్పి ఒక నోటీసు తీసి ఇచ్చారు. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైతే సెలోటేపు వేసి అతికించుకున్నారు. మిషను గాజు మీద పెడితే టేపు మెరిసి అక్షరాలు పోతున్నాయి. రెండుసార్లు తీసినా రాలేదు. చివరికి టేబుల్ లైటు కింద పెట్టి నేనే చదవడం మొదలుపెట్టాను.

ఆయనది 60 సెంట్ల కొబ్బరి తోట. దాని మధ్యలోంచి ఐమూలగా గ్యాస్ పైప్‌లైన్ పోయింది. పైపు వేసేటప్పుడు అడ్డొచ్చిన చెట్లు కొట్టేశారు, చెట్టుకింత అని ఇచ్చారు. ఆ గొడవ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పైపు మీద ఖాళీగా పడివున్న పట్టీలో ఆయన పదకొండు మొక్కలు పెట్టారు. పైప్‌లైన్ వాళ్లు వచ్చి పీకించేశారు.

"నా నేలేనండి. పాసుపుస్తకం నా పేరునే ఉంది. ఆయ్. నా నేలలో నేను మొక్క పెట్టుకోడానికి ఎవర్ని అడగాలండీ? ఎమ్మెల్యే గారికి ఒకటి రాసెయ్యండి, మనోడే."

కాగితం తీసి "గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి" అని మొదలుపెట్టి ఆగిపోయాను. నోటీసు పై వరుసలో చట్టం పేరుంది. పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం, 1962. అది పార్లమెంటు చేసిన చట్టం. మా ఎమ్మెల్యే ఎంత మనోడైనా అందులో కామా కూడా కదల్చలేరు.

ఆ రాత్రి కూర్చుని చట్టం మొత్తం చదివాను. చిన్నదే. భూమి మీ దగ్గరే ఉంటుంది, దాని కింద పైపు వేసుకుని వాడుకునే హక్కు మాత్రం ప్రభుత్వం తీసుకుంటుంది. ఇక 9వ సెక్షను ప్రకారం ఆ పట్టీలో యజమాని ఇల్లు కట్టకూడదు, చెరువో బావో తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. 10వ సెక్షను ప్రకారం జరిగిన నష్టానికి ఇచ్చేది ఇస్తూ, ఆ హక్కు తీసుకున్నందుకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. అది కూడా నోటిఫికేషన్ రోజున ఉన్న విలువ. ఒక్కసారే.

వరి చేనుకైతే ఈ లెక్క కొంత నప్పుతుంది. పైపు పూడ్చేశాక సార్వాకి మళ్లీ నాట్లు వేసుకోవచ్చు. కొబ్బరి తోటలో ఏం వేస్తారు? చెట్టు ఒకసారి కాపుకొస్తే యాభై, అరవై ఏళ్లు దింపు ఇస్తుంది. ఆ పట్టీలో పాతిక చెట్లు పట్టేవంటారు పెద్దాయన. పాతిక చెట్ల దింపు, మనవడి తరం దాకా పోయినట్టే. 1962లో ఢిల్లీలో కూర్చుని ఈ చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు కొబ్బరి తోట లేదు, అంతే. అరటి వేసుకోవచ్చా అంటే, అరటి చెట్టా, మొక్కా అని తేల్చుకోడానికి కూడా ఢిల్లీ బండెక్కాలేమో.

పైపు మీదకి వేళ్లు దిగకూడదన్న మాటలో న్యాయముంది. దాన్ని కాదనే ధైర్యం కోనసీమలో ఎవరికీ లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా కాలిపోయారు. కాఫీ పెట్టుకుందామని పొయ్యి వెలిగించే వేళ అది. అంతకుముందు 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట చూసినవాళ్లం మేం. చెట్టు వద్దంటే వద్దు, మానేస్తాం. కానీ ఆ చెట్టు ఏడాదికేడాది ఇచ్చేదాని మాటేమిటి? ఎప్పుడో ఒకసారి ఇచ్చిన 10 శాతంతో మూడు తరాల దింపు చెల్లిపోతుందా? ఇది అడగాల్సిన ప్రశ్న. అడగగలిగిన చోటు మీరు కూర్చునే సభ.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఏది కేంద్రానిది, ఏది రాష్ట్రానిది, ఏది ఇద్దరిదీ అని మూడు జాబితాలున్నాయి. మా డెల్టాని ఆ జాబితాల్లో వెతుక్కుంటే చిత్రంగా ఉంటుంది. నేల రాష్ట్రానిది, నేల కింద గ్యాస్ కేంద్రానిది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లు రాష్ట్రానివి. అదే కాకినాడ కాలువ, ఏలూరు కాలువ 2008లో చేసిన చట్టంతో నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భాగమయ్యాయి. అంటే నీళ్లు అమరావతివి, పడవ ఢిల్లీది. సముద్రంలో 12 నాటికల్ మైళ్ల దాకా వేట రాష్ట్రం చూస్తుంది, ఆపైన కేంద్రం చూస్తుంది. కత్తిపూడి నుంచి అమలాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి సంగతి సరేసరి. తీరంలో ఉప్పునీటి రొయ్యల చెరువులకి కూడా పార్లమెంటు 2005లో ఒక చట్టం చేసి, 2023లో దాన్ని సవరించింది. మా ఊళ్లో చెరువులున్న వాళ్లకి రొయ్య కౌంటు తెలుసు, మేత రేటు తెలుసు. ఆ సవరణలో ఏముందో చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

లోక్‌సభ మాకు మరీ దూరపు చుట్టం కాదు. ఎదుర్లంకలో పుట్టి, కాకినాడలో లాయరుగా పనిచేసి, తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయి, అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి గారు 1998 మార్చి 24న స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. దళితుల్లోంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. ఆయన కుమారుడు ఇప్పుడు మీలో ఒకరు కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క రోజు గురించి మాత్రం చెబుతాను, ఆ సభకున్న బలం ఏపాటిదో నాకు తెలిసొచ్చింది ఆ రోజే.

1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి గారి ప్రభుత్వం విశ్వాస పరీక్షకి నిలబడింది. మా వీధిలో కలర్ టీవీ ఉన్న ఇంటి అరుగు మీద ఇసకేస్తే రాలనంత జనం. బోర్డు మీద అంకెలు వచ్చాయి: అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయివుండి, ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయాలా వద్దా అని సభలో పెద్ద గొడవైంది. అది ఆయన మనస్సాక్షికే వదిలేస్తున్నానన్నారు స్పీకర్. ఆయన వేశారు. వేయకపోయి ఉంటే 269, 269. ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే స్పీకర్ ఓటు వేయాలని రాజ్యాంగం 100వ అధికరణం చెబుతోంది. అంటే ఆ రోజు దేశ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది తేల్చే ఓటు అమలాపురం ఎంపీది అయ్యేది. ఇది ఇప్పటికీ నా షాపులో చెబితే కుర్రాళ్లు నమ్మరు. ఫోన్లు తీసి చూసుకుంటారు.

ప్రభుత్వం అలా ఒక్క ఓటుతో పడేది లోక్‌సభలోనే. రాజ్యసభలో ఎంతమంది వ్యతిరేకించినా మంత్రివర్గం కుర్చీ కదలదు. 75వ అధికరణం ప్రకారం మంత్రివర్గం మొత్తం జవాబుదారీ లోక్‌సభకే. డబ్బు సంగతీ అంతే. ద్రవ్య బిల్లు మీ సభలోనే పుట్టాలి. అది ద్రవ్య బిల్లా కాదా అని ఖాయం చేసేది మీ స్పీకరే. రాజ్యసభ దాన్ని 14 రోజుల్లో వెనక్కి పంపాలి, అది చెప్పే సవరణలు మీరు ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు, లేకపోతే లేదు. ఏ శాఖకి ఎంత ఇవ్వాలో ఓటు వేసేది మీరే. మా ఊరి భాషలో చెప్పాలంటే తూము తాళంచెవి మీ దగ్గరుంది. రాజ్యసభ వాళ్లు గట్టు మీద నిలబడి సలహా చెప్పగలరు.

"అన్నీ పుస్తకంలో బాగానే ఉంటాయి, మేం విప్ దాటలేం కదా" అని మీరు లోపల అనుకుంటారని తెలుసు. నిజమే. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ చెప్పినట్టు ఓటు వేయకపోతే సభ్యత్వమే పోతుంది. 543 మందిలో ఎవరికి వారు ఆలోచించి ఓటు వేసే రోజులు దాదాపు పోయాయి. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన నేను పెట్టుకోను. గోడ దూకుళ్లు చూసి చూసి విసిగినవాళ్లం, అది లేకపోతే ఏమయ్యేదో ఊహించగలం.

కానీ విప్ ఓటుకే. ప్రశ్నకి విప్ లేదు.

రోజూ ఉదయం 11 గంటలకి సభ ప్రశ్నలతోనే మొదలవుతుంది. ఒక రోజుకి 20 నక్షత్రం ప్రశ్నలు, వీటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, మీరు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయొచ్చు. ఇంకో 230కి రాతపూర్వకంగా జవాబిస్తారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరి ప్రశ్న వస్తుందన్నది లాటరీ. చదివితే చాలా మామూలుగా ఉంటుంది. కానీ నాలాంటి అర్జీల వాడికి అందులో ఉన్న మహిమ తెలుసు. నేను ఒక ఆఫీసుకి అర్జీ పెడితే దాని మీద "పరిశీలనలో ఉంది" అన్న ముద్ర పడటానికే చెప్పులు అరిగిపోతాయి. మీరు ఒక ప్రశ్న వేస్తే ఆ శాఖ మంత్రి నుంచి కింద సెక్షన్ ఆఫీసరు దాకా ఫైళ్లు తిరగేసి, తేదీ వేసి, జవాబు అచ్చు వేసి సభ ముందు పెట్టాలి. తప్పు చెబితే అది సభా హక్కుల మాట అవుతుంది. దేశంలో ఇంతకు మించిన అర్జీ లేదండి. ఆ అర్జీ రాసే హక్కు మా ఐదు నియోజకవర్గాల్లో మీ ఐదుగురికే ఉంది. (మీలో మంత్రి అయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ప్రశ్నలు అడగరు, జవాబులు చెప్పాలి. వాళ్ల వాటా కూడా మిగిలినవాళ్లే మోయాలి.)

ఉదాహరణకి పైప్‌లైన్ల మాటే తీసుకోండి. అమలాపురం, నరసాపురం నియోజకవర్గాల్లో ఎన్ని కిలోమీటర్ల పైపు తోటల కిందుగా పోతోంది, వాటిలో ఎన్ని ఎప్పుడు వేసినవి, చెట్టు వేయకూడని పట్టీ మొత్తం ఎన్ని ఎకరాలు, 10 శాతం లెక్కని మార్చే ఆలోచన ఉందా? నాలుగు ముక్కలు. ఈ నాలుగింటికీ జవాబు అచ్చయి వస్తే మా పెద్దాయన లాంటివాళ్లు కోర్టుకెళ్లినా, కంపెనీతో మాట్లాడినా చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇప్పుడున్నది సెలోటేపు వేసిన నోటీసు.

ఇంకో దారి నాకు మరీ నచ్చింది. కోత తీర్మానం అంటారు. బడ్జెట్లో ఒక శాఖ పద్దు మీద చర్చ వచ్చినప్పుడు "ఈ పద్దులో 100 రూపాయలు తగ్గించండి" అని తీర్మానం ఇవ్వొచ్చు. లక్షల కోట్లలో నూరు రూపాయలు ఏ మూలకి? అది లెక్క కోసం కాదు, ఆ నూటి పేరు మీద ఒక ప్రాంతం గోడు సభ రికార్డులోకి ఎక్కడానికి. ఇది తెలిసినప్పటి నుంచి నాకు కోటిపల్లి రేవే గుర్తొస్తోంది.

కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను మంజూరైంది 2000–01లో, బాలయోగి గారు స్పీకర్‌గా ఉండగా. ఉండేది 57 కిలోమీటర్లు. మధ్యలో గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి కాబట్టి ఖర్చెక్కువన్నారు, ఖర్చులో పాతిక శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం కదలలేదని రాష్ట్రం. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు (రేవు దాటించే పడవ) ఎక్కితే గౌతమిలో నిలబడ్డ రైల్వే పిల్లర్లు కనిపిస్తాయి. వాటి మీద కొంగలు వాలుతుంటాయి. పంటులో పక్కన నిలబడ్డ మోటారు సైకిలాయన ఒకసారి "మా అబ్బాయి పుట్టినప్పుడు మంజూరైందండి, ఇప్పుడు వాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం" అన్నాడు. పంటంతా నవ్వారు. అమలాపురంలో రైలు కూత వినాలన్నది నాలుగైదు ఎన్నికల మాట. రైల్వే బడ్జెట్ విడిగా ఉన్న రోజుల్లో కనీసం ఆ ఒక్క రోజు టీవీల ముందు కూర్చుని మన లైనుకి ఎంత పడిందో అని చూసేవాళ్లం. 2017 నుంచి అది మామూలు బడ్జెట్లో కలిసిపోయింది, ఇప్పుడా అంకె వెతుక్కోవాలంటే పద్దుల పుస్తకం తిరగేయాలి. అది మీ చేతికే వస్తుంది, మేం వెతుక్కోవాలి.

పద్దులన్నీ చర్చకు రావని కూడా తెలుసు. గడువు రోజు సాయంత్రం మిగిలినవన్నీ ఒకే కట్టగా ఓటుకి పెట్టేస్తారు, గిలెటిన్ అంటారట. 2018 మార్చిలో ఏ శాఖ పద్దు మీదా చర్చ లేకుండానే బడ్జెట్ అలా అయిపోయింది. ఆ రోజుల్లో సభ జరగనివ్వని వాళ్లలో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు, ప్రత్యేక హోదా కోసం ప్లకార్డులు పట్టుకుని. అప్పుడు నేను కూడా చప్పట్లు కొట్టాను. తర్వాత ఆలోచిస్తే, ప్లకార్డు పట్టుకుంటే టీవీలో కనిపిస్తాం, రైల్వే పద్దు మీద మాత్రం నోరు విప్పకుండా ఓటు పడిపోయింది. అదే ఏడాది జూలై 20న అవిశ్వాస తీర్మానం చర్చకి వచ్చింది. 126, 325 తేడాతో వీగిపోయింది, వీగిపోతుందని అందరికీ ముందే తెలుసు. అయినా ఆ రోజు పొద్దుటి నుంచి రాత్రి బాగా పొద్దుపోయేదాకా ప్రభుత్వం విభజన హామీల మీద జవాబు చెప్పుకోక తప్పలేదు. ప్లకార్డుల రోజులు, ఈ ఒక్క రోజు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎందులో మనకి ఎక్కువ దక్కిందో మీకే తెలుస్తుంది.

విభజన అన్నాను కాబట్టి ఇంకో మాట. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైన తీరు, టీవీ ప్రసారం ఆగిపోవడం మనకి మానని పుండు. దాన్ని కెలకను. కానీ అందులో పాఠం ఉంది. పోలవరం జాతీయ ప్రాజెక్టన్న మాట చట్టంలోనే 90వ సెక్షనుగా ఎక్కింది. ప్రత్యేక హోదా మాట రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని నోటి నుంచి వచ్చింది, చట్టంలోకి ఎక్కలేదు. ఈ రెండింటి గతీ ఏమైందో పన్నెండేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు. పోలవరానికి ఆలస్యమైనా డబ్బు అడిగే హక్కు ఉంది. హోదా సంగతి ఉపన్యాసాల్లో ఉంది. మా పనిలో మొదటి రోజే నేర్పే విషయం ఇది. నోటి మాటకి రశీదు ఉండదు. మీ సభలో మంత్రులిచ్చే హామీల వెంటపడటానికి హామీల కమిటీ అని ఒకటి ఉందట. మా ఊళ్లకి సంబంధించి మంత్రులు "చూస్తాం, చేస్తాం" అన్నవి ఆ కమిటీలో ఎన్ని పెండింగులో ఉన్నాయో ఒకసారి తీయించండి.

కమిటీలంటే గుర్తొచ్చింది. శాఖల వారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి. ఒక్కోదానిలో 31 మంది, అందులో 21 మంది మీ సభ వాళ్లే. తలుపులు వేసుకుని కూర్చుంటారు, టీవీ ఉండదు, విప్ ఉండదు, అధికారులను పిలిచి అడగొచ్చు. అరుపులు లేని చోటు కాబట్టి పని అక్కడే జరుగుతుందంటారు. కానీ అక్కడికి పోయే బిల్లులే తగ్గిపోయాయి. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకి వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. చమురు క్షేత్రాల 1948 చట్టాన్ని 2025లో సవరించారు. కోనసీమ నేల కింద ఉన్నదాని గురించిన చట్టం అది. మా పంచాయతీ ఆఫీసులో దాని గురించి ఎవరినైనా అడిగి చూడండి, మొహాలు మొహాలు చూసుకుంటారు. మీ ఐదుగురిలో ఒక్కరైనా పెట్రోలియం సంఘంలో, ఒక్కరైనా రైల్వే సంఘంలో ఉండేలా మీలో మీరు మాట్లాడుకోగలరా? పార్టీలు వేరు కావచ్చు, గోదావరి ఒకటే కదా అని నేనంటే పాత సినిమా డైలాగులా ఉంటుంది. కాబట్టి ఇలా అంటాను: వరదొస్తే ఏ పార్టీ ఎంపీ ఇంటి మెట్టు ఎక్కాలో నీళ్లు అడిగి ఎక్కవు.

ఎంపీ ల్యాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకి మీ పేరున వచ్చే నిధుల గురించి ఎవరైనా గుర్తుచేస్తారేమో. ఏడాదికి 5 కోట్లు, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. బస్ షెల్టర్లు, కమ్యూనిటీ హాళ్లు, పైన మీ పేరు. వద్దనను, వానలో ఆ షెల్టర్ కింద నేనూ నిలబడ్డాను. కానీ మిమ్మల్ని ఆ 5 కోట్ల లెక్కతోనే తూచడం వల్ల మాకు మేమే నష్టం చేసుకుంటున్నాం. బస్ షెల్టర్ పంచాయతీ కూడా కట్టగలదు.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ప్రతి సమావేశాల ముందు ఒక పూట ఏదో ఒక ఊళ్లో కూర్చోండి, దండలు, మైకులు లేకుండా, లోక్‌సభలో అడగాల్సినవి ఏమిటని వినండి. అక్కడికి మురుగు కాలువ అర్జీ తెచ్చినవాళ్లని నాలాంటివాళ్లమే బయటికి తీసుకెళ్లి సరైన పేరున రాసిపెడతాం. సమావేశాలు అయ్యాక మీరు వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి. జవాబులు ఇంగ్లిషులో, హిందీలో వస్తాయి, మా రైతులు చదవలేరు. తర్జుమా చేసేవాళ్లు లేరంటే మా సెంటర్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు పదిమంది ఉన్నారు, నేను పిలుస్తాను. జిరాక్సులు నా ఖర్చే. సభలో తెలుగులో మాట్లాడినా వినిపించే ఏర్పాటు ఉంది కాబట్టి భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక పెద్దాయన సంగతి. ఆ రోజు ఎమ్మెల్యే గారి పేరు కొట్టేశాను. లోక్‌సభకి నేరుగా విజ్ఞాపన పత్రం పెట్టుకునే హక్కు మామూలు పౌరులకి ఉంది. ప్రజలందరికీ పనికొచ్చే విషయమై ఉండాలి, ఇంగ్లిషులోనో హిందీలోనో రాయాలి, తెలుగులో రాస్తే తర్జుమా జోడించాలి. ఎంపీ ద్వారా సభ ముందు పెట్టిస్తే దాని మీద ఆ ఎంపీ కూడా సంతకం చేయాలి. అప్పుడు పిటిషన్ల కమిటీ దాన్ని చూస్తుంది.

పైప్‌లైన్ చట్టంలో నష్టపరిహారం లెక్క మార్చమని, కొబ్బరి లాంటి తోటలకి ఏటా ఇచ్చే పద్ధతి పెట్టమని రాశాను. తెలుగు మూడు పేజీలు, ఇంగ్లిషు నాలుగు. ఇంగ్లిషు నా మేనకోడలు చేసింది, లా చదువుతోంది. పెద్దాయన సంతకం చేశారు. లంక ఊళ్ల నుంచి మరో 46 మంది చేశారు, ఆరుగురు వేలిముద్ర వేశారు. చివరి పేజీ కింద ఎంపీ సంతకం కోసం చోటు వదిలి, పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెట్టాను. కాగితాలు నా బల్ల సొరుగులో, అదే కొబ్బరి తాడు కట్టి ఉన్నాయి. ఆదివారం తప్ప పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచే ఉంటుంది. మీరు రానక్కర్లేదు, కబురు పంపితే నేనే తెస్తాను.

ఇట్లు,
అర్జీలు రాసుకునే ఒక ఓటరు,
కోనసీమ